గాలి హోరు విని రాసేసిన సంగీతం కాదది

డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవుల సంగీతం మాట వస్తే చాలు, ఒక కథ చేతులు మారుతుంటుంది. అట్లాంటిక్ నడిమధ్య వాయిద్యమంటే ఏమిటో ఎరగని దీవులు. అక్కడ పుట్టిన స్వరకర్త సున్‌లైఫ్ రాస్ముసెన్ చదువూ సాధనా లేకుండానే గాలి, అలలు, పక్షుల కూతలు విని సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం పెద్ద రచన, రాసేశాడు. పెద్ద దేశాలవాళ్లు జాలిపడి బహుమతి చేతిలో పెట్టారు. పాపం, దాన్ని వాయించడానికి సొంతగడ్డ మీద మనుషుల్లేరు. వినడానికి భలే ఉంటుంది, టూరిజం ప్రకటనకైతే మరీనూ. ఇందులో పావు వంతు నిజం ఉంది. చిక్కంతా ఆ పావు వంతుతోనే, మిగతాది దాని చాటున చెల్లిపోతోంది.

ముందు వాయిద్యాల సంగతి. ఫారో జానపద సంగీతంలో వాయిద్యాలు లేవన్నది నిజమే. అంతమాత్రాన సంగీతం లేదనుకుంటే ఎలా? చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతూ, రెండడుగులు ఎడమకి, ఒకటి కుడికి వేస్తూ పాడే కథాగేయాలు అక్కడ శతాబ్దాలుగా ఉన్నాయి. తాళం వేసేది పాదాలే. 19వ శతాబ్దంలో ఈ గేయాలన్నిటినీ ఒకచోట చేర్చడం మొదలుపెడితే, తేలినవి 236 గేయాలు, దాదాపు 70 వేల చరణాలు! ఇవి కాక చర్చి పాట వేరే ఉంది. 1699లో డెన్మార్క్‌లో అచ్చయిన థామస్ కింగో కీర్తనల పుస్తకం ఈ దీవులకి చేరింది. ఇక్కడివాళ్లు ఆ కీర్తనల్ని తోడుగా ఆర్గన్ లేకుండా, బాగా నెమ్మదిగా, ఎవరి గమకం వాళ్లు వేసుకుంటూ పాడుకున్నారు. నోటి నుంచి నోటికి వస్తూ బాణీలు అసలు పుస్తకంలో ఉన్నదానికి ఎంతో దూరం జరిగాయి. రాస్ముసెన్‌కి వారసత్వంగా వచ్చింది ఇదంతా. ఖాళీ కొండలూ గాలీ మాత్రమే కాదు.

చదువు లేదన్నది పచ్చి అబద్ధం. 1961లో సాండోయ్ దీవిలో పుట్టిన ఈయన మొదట నార్వేలో చదువుకుని, తిరిగొచ్చి సంగీతం టీచర్‌గా, జాజ్ పియానిస్టుగా పనిచేశాడు. తర్వాత కోపెన్‌హాగెన్ రాయల్ సంగీత అకాడమీలో చేరి ఇబ్ నోర్‌హోల్మ్ దగ్గర స్వరరచన, ఇవార్ ఫ్రౌన్‌బెర్గ్ దగ్గర ఎలక్ట్రానిక్ సంగీతం నేర్చుకున్నాడు. దాదాపు ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థి అయిన మనిషిని పట్టుకుని ‘ప్రకృతి బిడ్డ’ అనడం పొగడ్త ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

అసలు విషయం మూడో మాటలో ఉంది: ప్రకృతి శబ్దాలని విని ఉన్నదున్నట్టు దింపేశాడన్నది. ‘ఓషియానిక్ డేస్’ అనే ఆయన మొదటి సింఫనీ 1995, 97 మధ్య రాసింది. పేరులో సముద్రం ఉంది కాబట్టి అలల చప్పుడే వినిపిస్తుందనుకోవడం తేలిక. పని జరిగింది వేరేగా. ఆయన పాత ఫారో బాణీని తీసుకుని, అందులో స్వరాలకీ స్వరాలకీ మధ్య ఉన్న దూరాల్ని విప్పి, వాటితో కొత్త స్వరశ్రేణులు కట్టుకుంటాడు. ఒక్క ధ్వనిని విడగొట్టి, లోపలున్న ఉపస్వరాల నుంచి సంగీతం అల్లే ఫ్రెంచ్ స్పెక్ట్రల్ పద్ధతి ప్రభావం కూడా ఆయన మీద ఉంది. ఇంత చేశాక ఆ పాత బాణీ చెవికి నేరుగా అందదు. ఇంటి పునాదిలా కింద ఉంటుంది, అంతే. గాలి విని రాసేవాడికి ఈ లెక్కలతో పనేముంది?

పక్షులున్న మాట మాత్రం ఒప్పుకోవాలి. రికార్డర్ అనే వేణువు లాంటి వాయిద్యం వాయించే డెన్మార్క్ విద్వాంసురాలు మిఖాలా పెట్రి కోసం ఆయన రాసిన కచేరీ రచన ‘టెరిటోరియల్ సాంగ్స్’ పేరులోనే, ఇది నా చోటు అని హద్దు చాటుకునే పక్షి పాట ఉంది. అయితే అక్కడ ఆయన తీసుకున్నది కూత కన్నా ఆ హద్దుల తగాదా. రికార్డర్ గొంతు చిన్నది, ఎదురుగా ఉన్నది ఆర్కెస్ట్రా. ఆ చిన్న గొంతుకి చోటు ఎలా దొరుకుతుందన్నదే అక్కడి నాటకం. కాకిలా అరిపించి చప్పట్లు కొట్టించుకునే రకం కాదు.

ఇక జాలి బహుమతి. 2002లో ‘ఓషియానిక్ డేస్’ సింఫనీకి వచ్చింది ఉత్తర ఐరోపా దేశాల కూటమి అయిన నార్డిక్ కౌన్సిల్ ఇచ్చే సంగీత బహుమతి. అంతకుముందు దాన్ని అందుకున్నవాళ్లలో నార్వే స్వరకర్త ఆర్నె నూర్ధైమ్, డెన్మార్క్ స్వరకర్త పెర్ నోర్‌గోర్, ఫిన్లాండ్‌కి చెందిన కైయా సారియాహో ఉన్నారు. ఈ బహుమతి 1965 నుంచి ఉంది. ఫారో స్వరకర్తకి మొదటిసారి వచ్చింది 2002లోనే. జాలే కారణమైతే 37 ఏళ్లు ఆగాల్సిన అవసరం ఏముంది?

చివరిది, వాయించేవాళ్లు లేరన్నది. యాభై వేలు దాటిన జనాభా, అంటే మన దగ్గర ఒక మోస్తరు మునిసిపాలిటీ. అయినా 1977లో ట్యుట్ల్ అనే సొంత రికార్డు సంస్థ పుట్టింది. రాజధాని టోర్స్‌హావ్న్‌లో నార్డిక్ హౌస్ అనే సాంస్కృతిక కేంద్రం 1983లో తెరుచుకుంది, ఫారో సింఫనీ ఆర్కెస్ట్రా మొదలైంది కూడా ఆ ఏడాదే. ఆ ఆర్కెస్ట్రాలో వృత్తి కళాకారుల పక్కన సంగీతం టీచర్లు, విద్యార్థులు, సరదాగా వాయించేవాళ్లు కూర్చుంటారు. కాబట్టి పెద్ద రచనలకి బయటి సాయం కావాలి, రాస్ముసెన్ వృత్తి జీవితం కూడా చాలావరకు డెన్మార్క్‌లోనే సాగింది. ఇది లోటే. కానీ లోటు వేరు, శూన్యం వేరు. ఫారో రచయిత విలియం హైనెసెన్ డేనిష్‌లో రాసిన కథ ఆధారంగా డానియల్ హోయ్‌డల్ ఫారో భాషలో పాఠం రాస్తే, రాస్ముసెన్ దానికి సంగీతం కట్టాడు. అలా తయారైన మొట్టమొదటి ఫారో ఆపెరాని, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, 2006 అక్టోబరులో ప్రదర్శించింది కోపెన్‌హాగెన్‌లో కాదు, టోర్స్‌హావ్న్ నార్డిక్ హౌస్‌లోనే.