లిపిడ్ ప్రొఫైల్: పాస్ గ్యారంటీ గైడు

డీఎస్సీకి గైడుంది, గ్రూప్స్‌కి గైడుంది. నలభై దాటిన ప్రతి ఇంటా ఒక అభ్యర్థి ఉన్నా, రక్తంలో కొవ్వుల లెక్క తేల్చే లిపిడ్ ప్రొఫైల్ పరీక్షకి మాత్రం గైడు లేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం పరమార్థం. గుండె రక్తనాళాలు సిలబస్‌లో లేవు. రిపోర్టులో నల్లగా దిద్దిన అంకె రాకపోతే పాసే.

ముందుగా ప్రిపరేషన్. కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ బిళ్ళ రోజూ వేసుకోమనడం డాక్టర్ల చాదస్తం. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కావలసిన ఎంజైమును ఈ బిళ్ళ అడ్డుకుంటుంది. సరుకు తగ్గిన కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ను, లాక్కుంటుంది. 10 ఎంజీతో 160 ఉన్నది సుమారు 100కి దిగుతుంది. అందులో చాలా భాగం రెండు వారాల్లోనే దిగుతుంది కనక, ఏడాదికి పదిహేను బిళ్ళలు చాలు! రిపోర్టు చేతికి రాగానే మానేస్తే కొద్ది వారాల్లో ఎల్‌డీఎల్ మళ్ళీ 160కి చేరి, మిగతా ఏడాదంతా రక్తనాళాల గోడల్లో తన పని తాను చేసుకుంటుంది. అది సిలబస్‌లో లేదని ముందే మనవి చేశాం.

ఇక కాపీ కొట్టడం. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌నూ, రక్తంలోని మరో రకం కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తారు. మొత్తం 220, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే ఎల్‌డీఎల్ 150. పరగడుపు నియమాన్ని గాలికొదిలి, మందుతో, విందుతో ట్రైగ్లిజరైడ్లను 300కి ఎక్కించండి. మొత్తం కదలకపోతే ఎల్‌డీఎల్ 120! 400 దాటిస్తే మాత్రం ఈ సూత్రం చెల్లదు, నేరుగా కొలిచే పరీక్షకు మళ్ళీ డబ్బు కట్టాలి. కాబట్టి మూడో పెగ్గు దగ్గర నిగ్రహం అవసరం.

ఆదివారం బిర్యానీ తిని, ప్రాయశ్చిత్తంగా రెండు బిళ్ళలు మింగే శాఖ ఒకటుంది. మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే, అదీ రోజూ వేసుకుంటే. ఒక్కపూట బిళ్ళకి లెగ్‌పీసు కూడా లొంగదు.

వంటింట్లో 'కొలెస్ట్రాల్ లేని' నూనె డబ్బా తప్పనిసరి. ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఎన్నడూ లేదన్నది వేరే సంగతి. పామాయిల్లో సగం సంతృప్త కొవ్వే అన్నది ఇంకా వేరే సంగతి. పొద్దున్నే అరగంట నడిచి, ఖర్చయిన నూటయాభై కేలరీలకు బదులుగా నెయ్యికారం దోశ తినాలి. నడకతో ట్రైగ్లిజరైడ్లు, షుగరు, బీపీ తగ్గుతాయి గాని ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు. "వాకింగ్ చేస్తున్నాగా, బిళ్ళెందుకు?" అనేవారికి ఈ వాక్యం చదివి వినిపించకండి.

బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి ఎలాగో, బిళ్ళ ఎగ్గొట్టడానికి కాళ్ళనొప్పి అలాగ. స్టాటిన్లు (అటోర్వాస్టాటిన్ జాతి మందులు) పడక మానేసినవాళ్ళపై బ్రిటన్‌లో జరిపిన పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్ళకు కలిగిన బాధల్లో 90 శాతం దాకా మందులేని ఉత్తుత్తి బిళ్ళతోనూ కలిగాయి. నొప్పి నిజమే, నేరం మాత్రం చాలావరకు బిళ్ళది కాదు. అయితే కండరాలు విపరీతంగా నొచ్చి, మూత్రం డికాషన్ రంగులో వస్తే అది సాకు కాదు. ఈ గైడు అవతల పారేసి ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

చివరిది వైవా. "బిళ్ళలు రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడుగుతాడు. "వేసుకుంటున్నానండీ" అనాలి. ప్రిపరేషన్ కుదరని ఏడు ఎల్‌డీఎల్ 160 చూసి, పాపం ఆయన ఆ మాట నమ్మి, 10 ఎంజీ సరిపోవడం లేదనుకుని 40 రాస్తాడు. దాంతో ఇన్నాళ్ళూ 10 ఎంజీ వేసుకోని అభ్యర్థి, ఇకమీదట 40 ఎంజీ వేసుకోవడం మానేస్తాడు.