ఓరణ్‌కు కావాల్సింది కంచె కాదు, కాపరికి హక్కు

దసరా నాడు మనం మొక్కే జమ్మి చెట్టునే రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు. అక్కడా, తెలంగాణలోనూ అదే రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే, ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవితో మొదలై బిష్ణోయీ సమాజానికి చెందిన 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. ఆ కథ చాలామందికి తెలుసు. అదే ఎడారిలో వందల ఏళ్లుగా ఏ చప్పుడూ లేకుండా నడుస్తున్న ఓరణ్‌ల సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

ఓరణ్ అంటే ఊరు దేవుడి పేరిట వదిలేసిన నేల. జమ్మి, రేగు, సేవణ్ గడ్డి, మధ్యలో వాననీటి కుంట. పాబూజీ, కర్ణీమాత, దేగరాయ్ మాత లాంటి దేవతల పేర్లతో రాజస్థాన్‌లో ఇవి సుమారు 25 వేలు ఉన్నాయని, విస్తీర్ణం 6 లక్షల హెక్టార్ల దాకా ఉంటుందని అంచనా. అక్కడ పచ్చని చెట్టు మీద గొడ్డలి వేయరు, నాగలి దించరు. చాలాచోట్ల ఎండి రాలిన కట్టెను కూడా ఇంటి పొయ్యిలోకి తీసుకెళ్లరు. గొర్రెలు, ఆవులు, ఒంటెలు మాత్రం మేస్తాయి. గుడిలో దీపం పెట్టేవాళ్లు, మంద తోలుకొచ్చేవాళ్లు ఒక్కరే. ఓరణ్ ఇన్నాళ్లు నిలిచింది ఈ మేత వల్లేనని నా అభిప్రాయం. ఓరణ్ పోతే మంద పోతుంది కాబట్టే కాపరి దానికి కాపలా కాశాడు.

2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఈ దేవుడి వనాలపై పెద్ద తీర్పే ఇచ్చింది. ప్రతి ఓరణ్‌నూ నేల మీదా, ఉపగ్రహ చిత్రాల్లోనూ గుర్తించి మ్యాపు తయారు చేయాలని, ఎంత చిన్నదైనా అడవిగా పరిగణించాలని, వన్యప్రాణి చట్టం కింద కమ్యూనిటీ రిజర్వులుగా, అంటే ఊళ్ల భాగస్వామ్యంతో కాపాడే రక్షిత ప్రాంతాలుగా, ప్రకటించాలని చెప్పింది. మంచి తీర్పు, ఆలస్యంగా వచ్చినా ఆహ్వానించాల్సిందే. కానీ పర్యవేక్షణకు వేయమన్న ఐదుగురి కమిటీలో ఎవరుంటారో చూడండి. విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి, అటవీ నిపుణుడు, కేంద్ర పర్యావరణ శాఖ అధికారి, రాష్ట్ర అటవీ, రెవెన్యూ శాఖల అధికారులు. ఓరణ్‌ను కాపాడుతూ వచ్చిన కాపరులకు అందులో ఒక్క కుర్చీ కూడా లేదు.

పల్లెల్లో భయం తీర్పుకు ముందే మొదలైంది. 2024 ఫిబ్రవరిలో ఓరణ్‌లను అడవులుగా పరిగణిస్తామని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చినప్పుడే 'రేపు మందను రానిస్తారా? బంక ఏరుకోనిస్తారా?' అన్న ప్రశ్నలు వచ్చాయి. అడవి అన్న ముద్ర పడ్డాక గార్డు వస్తాడు, కంచె వస్తుంది, మేతకు జరిమానా వస్తుందన్నది వాళ్ల అనుమానం. దాన్ని అపోహ అని కొట్టిపారేయలేం.

ఆ అనుమానం సంగతి మన ఉమ్మడి కర్నూలు నేలకు బాగా తెలుసు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. కంచె లోపల సుమారు 614 హెక్టార్ల గడ్డినేల మిగిలింది. కానీ ఆ పిట్ట కంచె లోపలే బతికేది కాదు. చుట్టుపక్కల మెట్టపొలాల్లో, బీళ్లలో తిరిగి మేసేది. నీటి వసతి వచ్చి ఆ పొలాల్లో పంటలు మారాయి, బీళ్లు తరిగాయి. లోపల పెరిగిన కృష్ణజింకలు పంటల మీద పడుతుంటే రైతుకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనిపించదు. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో ఇంకా ఘోరం. రైతుల సొంత భూములను అభయారణ్యంలో కలిపి అమ్ముకోకుండా ఆంక్షలు పెట్టారు. ఊళ్లు ఎదురు తిరిగాయి, పిట్టా మాయమైంది. చివరికి అభయారణ్యాన్నే రద్దు చేశారు.

దేశంలో 150 కూడా మిగలని ఈ బట్టమేకల్లో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి. ఓరణ్‌లు వాటికి తిరుగాడే నేల. రికార్డుల్లో మాత్రం ఆ నేలలో చాలా భాగం బంజరు. దేగరాయ్ ఓరణ్‌నే చూడండి. ఊళ్ల లెక్కలో అది దాదాపు 60 వేల బిఘాలు (బిఘా అక్కడి భూమి కొలత), రెవెన్యూ పుస్తకంలో ఓరణ్‌గా ఎక్కింది అందులో సగం కూడా లేదు. మిగతాది ఖాళీ భూమే కదా అని సోలార్, గాలిమర కంపెనీలకు దారి దొరికింది, హైటెన్షన్ లైన్లు వచ్చాయి. బట్టమేకకు చూపు పక్కలకే ఎక్కువ, ఎదురుగా ఉన్న తీగ దగ్గరికొచ్చేదాకా కనిపించదు. బరువైన పిట్ట కాబట్టి చటుక్కున తప్పుకోలేదు. ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డు, ఒక్క పిట్ట చచ్చినా లోటు పూడటం కష్టం. సౌర విద్యుత్ మనకు కావాలి, అందులో సందేహం లేదు. అయితే ఎక్కడ ఏర్పాటు చేయాలో తేల్చేటప్పుడు ఊరిని అడగాలి కదా.

దారి తీర్పులోనే ఉంది. కాపాడుతున్న సమూహాలనే సంరక్షకులుగా గుర్తించి, అటవీ హక్కుల చట్టం కింద ఆ నేలను సామూహిక అటవీ వనరుగా ఇవ్వొచ్చని కోర్టు సూచించింది. అది దక్కితే మేతను ఎలా నడపాలో, ఎవరిని రానివ్వాలో గ్రామసభే తేల్చుకుంటుంది. చిక్కల్లా రుజువు దగ్గరే. థార్ ఎడారి కాపరుల్లో చాలామంది షెడ్యూల్డ్ తెగలవాళ్లు కాదు. అలాంటివాళ్లు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఆ నేల మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి. మంద వెంట నడిచే మనిషి అన్నేళ్ల కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? అయితే ఆ చట్టం నియమాలు కాగితం ఒక్కటే అడగవు. బావి, శ్మశానం, పూజాస్థలం కూడా ఆధారమే, పెద్దవాళ్లు చెప్పింది రాసుకున్నా చెల్లుతుంది. ఓరణ్‌లో వీటికి కొదవ లేదు. గుడి ఉంది, కుంట ఉంది, సరిహద్దు ఏ రాయి దగ్గర మలుపు తిరుగుతుందో చెప్పగల ముసలివాళ్లు ఉన్నారు. దేగరాయ్ జనం తమ ఓరణ్ చుట్టూ 60 కిలోమీటర్ల పరిక్రమ చేసి హద్దులు నడిచి చూపించారు కూడా. సర్వేయర్ ఉపగ్రహ చిత్రం పట్టుకుని బయల్దేరే ముందు ఆ నడకలో ఉన్నవాళ్లను వెంట పెట్టుకోవాలి, వాళ్లు చూపిన హద్దునే మ్యాపులో గీయాలి, ఆ మ్యాపు మీద గ్రామసభ సంతకం పడ్డాకే అడవి అన్న నోటిఫికేషన్ రావాలి.