పీ4-క్లాక్‌మాడ్ డ్రైవర్‌ను ఇంకా మోయాలా?

లినక్స్ కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోని) పీ4-క్లాక్‌మాడ్‌ను ప్రాసెసర్ వేగాన్ని మార్చే డ్రైవర్ల వరుసలో ఉంచడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే అది వేగాన్ని మార్చదు.

పెంటియం 4 ప్రాసెసర్‌కు వేడి మితిమీరినప్పుడు తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఒకటి ఉంది. ప్రాసెసర్ పనికి తాళం వేసే క్లాక్ మామూలుగానే నడుస్తుంది గానీ, కాలంలో కొన్ని వంతులపాటు అది లెక్కలు చేసే భాగమైన కోర్‌కు అందదు. ఆ ఏర్పాటును 12.5 శాతం మెట్లుగా వాడి, వచ్చిన సగటును ఫ్రీక్వెన్సీ అని చూపించడమే ఈ డ్రైవర్ చేసే పని. మా పాత 2.8 గిగాహెర్ట్జ్ డెస్క్‌టాప్‌లో అది చూపించే ఫ్రీక్వెన్సీల జాబితా 350 మెగాహెర్ట్జ్‌తో మొదలయ్యేది. ఆ అట్టడుగు మెట్టు మీద టెర్మినల్‌లో కొట్టిన అక్షరం తెరమీదికి వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చేది.

ఇంత నెమ్మదించినా కరెంటు మిగులుతుందా అంటే, మిగలదు. ఒక పనికయ్యే శక్తి ప్రధానంగా వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. ఇంటెల్ వారి స్పీడ్‌స్టెప్ వంటి, వేగాన్ని నిజంగా మార్చే పద్ధతుల్లో ఫ్రీక్వెన్సీతోపాటు వోల్టేజీ కూడా దిగుతుంది కనుక, 1.5 వోల్టుల నుంచి 1.2కు దిగితే అదే పనికి స్విచింగ్ ఖర్చు (ట్రాన్సిస్టర్లు ఆన్-ఆఫ్ అవడానికయ్యే శక్తి) 36 శాతం తగ్గుతుంది. ఈ డ్రైవర్‌తో వోల్టేజీ కదలదు, పని మాత్రం ఎక్కువసేపు సాగుతుంది, సాగినంతసేపూ లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్ల నుంచి ఊరికే కారిపోయేది) పోతూనే ఉంటుంది. పనిలేనప్పుడు హాల్ట్ ఆదేశంతో కోర్ ఎలాగూ ఆగుతుంది కాబట్టి, అప్పుడు కూడా ఈ డ్రైవర్ అదనంగా ఆదా చేసేది ఏమీ లేదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప దీన్ని వాడవద్దని కెర్నెల్ కాన్ఫిగరేషన్ సహాయ వాక్యాలే చెబుతున్నాయి.

2009లో దీని సిస్‌ఎఫ్‌ఎస్ ఇంటర్‌ఫేస్‌ను, అంటే వాడుకరులు దీని మెట్లను ఎంచుకునే ఫైళ్లను, తొలగించారు. యంత్రాలు వేడెక్కుతుంటే దీంతో చల్లబరచుకుంటున్న వాడుకరులకు అది ఇబ్బంది అయ్యేసరికి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. వాళ్ల ఇబ్బంది నిజమైనదే, నేనూ దాన్ని అనుభవించాను. అయితే మా డెస్క్‌టాప్ విప్పి చూస్తే ప్రాసెసర్ వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. పెయింట్ బ్రష్‌తో దులిపి, థర్మల్ పేస్టు కొత్తగా రాశాక, మే నెల ఎండల్లో కూడా ఈ డ్రైవర్ లేకుండానే అది నిలకడగా పనిచేసింది.

వేడిని అదుపు చేయడం కెర్నెల్‌లోని ఏసీపీఐ (హార్డ్‌వేర్ విద్యుత్తు, వేడి నిర్వహణ ప్రమాణం) థర్మల్ విభాగం బాధ్యత. అక్కడ లోపముంటే అక్కడే సరిదిద్దాలి. ప్రాసెసర్ వేగాన్ని మార్చే డ్రైవర్లకు ఆధారమైన సీపీయూఫ్రీక్ లోపలి నిర్మాణం మారిన ప్రతిసారీ ఈ డ్రైవర్‌ను కూడా మార్చాలి, ఆ మార్పును పరీక్షించడానికి నడుస్తున్న పెంటియం 4 ఒకటి ఎవరి దగ్గరైనా ఉండాలి. ఆ శ్రమ పడదగినంత మేలు ఇందులో నాకు కనిపించలేదు. దీన్ని పూర్తిగా తొలగించేవరకు, కనీసం డిస్ట్రిబ్యూషన్లు (లినక్స్‌ను సిద్ధం చేసి అందించే ప్యాకేజీలు) దీన్ని వాటంతట అవే లోడ్ చేయకుండా ఉండాలని కోరుతున్నాను.