పడక పక్కన ఉండే ప్లాస్టిక్ స్టూలు గారికి

మహారాజశ్రీ స్టూలు గారికి, పేషెంటు తాలూకు మనిషి నమస్కరించి వ్రాయునది.

మా నాన్నగారు తుంటి ఎముక విరిగి మా ఊళ్లోని నలభై పడకల నర్సింగ్ హోములో ఉన్న తొమ్మిది రాత్రులూ నేను తమరి మీదే గడిపాను. తమరికి వీపు ఆనించుకునే భాగం లేదు. ఉండి ఉంటే నేను నిద్రపోయేవాణ్ణి, నేను నిద్రపోతే ఆ గదిలో సెలైన్ సీసా వంక చూసే నాథుడు ఉండేవాడు కాదు. ఇంత ముందుచూపుతో తమరిని కొన్న యాజమాన్యం సామాన్యమైనది కాదని మొదటి రాత్రే గ్రహించాను.

సాధారణ ఆసుపత్రి వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలనీ, సెలవుల్లో వెళ్లేవారి కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలనీ భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతాయి. మా దగ్గర రాత్రిపూట రెండంతస్తులకూ కలిపి ఒక్క సిస్టరే ఉండేది, ఆమె కూడా ఇంకా నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం చదువుతున్న అమ్మాయే. మిగతా లోటును తమరూ, తమరి మీద కూర్చున్న మేమూ పూడ్చాము. యూరిన్ బ్యాగు నిండితే కొలిచి కాగితం మీద రాయడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలేటట్లు చేయడం, మాత్రల వేళలు గుర్తుపెట్టుకుని సిస్టరును వెతుక్కుంటూ మెట్లెక్కడం నాకు వంతుగా వచ్చాయి. ఆపరేషను అయిన కాలును ఎటు తిప్పకూడదో పక్క పడక పేషెంటు భార్య నేర్పారు. ఆవిడ నాకంటే పదిహేను రోజులు సీనియరు.

ఆ సిస్టరును నేను తప్పుపట్టను. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన నిపుణుల కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా జీతం ఇవ్వాలని 2016లోనే సిఫారసు చేసింది. తన జీతం అందులో సగం కూడా లేదని ఆ అమ్మాయి ఒక రాత్రి ఇంజెక్షను సిద్ధం చేస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్లు చెప్పింది. జీతం లేకుండా పనిచేసే తమరు ఉండగా ఇంకొక సిస్టరుకు జీతం ఎవరిస్తారు? (ఆయమ్మ మాత్రం దుప్పటి మార్చిన ప్రతిసారీ చేయి చాచేది. మా అందరిలో శ్రమకు వెల కట్టుకోవడం తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.)

ఆరో రోజున తనిఖీ వస్తుందని కబురందింది. ఉదయం పదింటికల్లా యాజమాన్యం వారి నర్సింగ్ కాలేజీ వ్యానులోంచి ఇస్త్రీ మడతలు నలగని తెల్ల యూనిఫారాలు పన్నెండు దిగాయి. గోడకు కొత్త డ్యూటీ చార్టు ఎక్కింది. తమరిని ఒకదానిపై ఒకటి పేర్చి మేడ మీదికి చేర్చారు, విజిటింగ్ వేళలు పాటించాలంటూ మమ్మల్ని గేటు బయటికి పంపారు. పన్నెండు మంది నర్సులు కొలువుతీరిన ఆ మూడు గంటల్లోనే మా నాన్నగారి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కింది. వచ్చినవారు రిజిస్టరు చూశారట, సంతకాలు సరిపోయాయట. సాయంత్రానికి వ్యాను వెళ్లిపోయింది, తమరు దిగివచ్చారు, వైద్యసేవలు యథాతథంగా సాగాయి.

అందుచేత తమరికి నాదొక మనవి. ఈసారి తనిఖీకి మేడ ఎక్కకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం కింద రిజిస్టరైన ఆసుపత్రి అయినా, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం కింద రిజిస్టరైనదయినా, అధికారి వచ్చేటప్పటికి పడక పక్కనే ఉండండి. నలభై పడకలకు నలభై స్టూళ్లు ఎందుకని ఆయన ఒక్క మాట అడిగినా చాలు.

డిశ్చార్జి నాటి బిల్లులో నర్సింగ్ ఛార్జీల కింద రోజుకు 800 చొప్పున 7,200 రూపాయలు వేశారు. అందులో తమరి వాటా ముట్టిందో లేదో నాకు తెలియదు. నా వాటా మాత్రం నేనే కౌంటరులో కట్టి రసీదు తీసుకున్నాను.

ఇట్లు,
పదకొండో నంబరు పడక పేషెంటు తాలూకు