రక్తానికి తూకం రాళ్లు

1892లో న్యూ ఆర్లీన్స్‌లో హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే పనివాడు తెల్లవాళ్లకు కేటాయించిన రైలుపెట్టె ఎక్కి కూర్చున్నాడు. చూడ్డానికి తెల్లవాడే. ఎనిమిదింట ఏడు వంతులు తెల్ల రక్తమేనని కేసు కాగితాల్లోనే ఉంది. మిగిలిన ఆ ఒక్క వంతు కోసం పోలీసులు దింపేశారు. అరెస్టవ్వాలనే ఎక్కాడు, అది ముందుగా అనుకున్న నిరసన. అయినా 1896లో అమెరికా సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది.

ఈ వంతుల పిచ్చి అమెరికా జనగణన పుస్తకాల్లోనూ ఉంది. నల్ల రక్తం సగానికి అటూఇటూగా ఉంటే ‘ములాటో’, నాలుగో వంతైతే ‘క్వాడ్రూన్’, ఎనిమిదో వంతు గానీ ఏ కాస్త జాడ గానీ ఉంటే ‘ఆక్టరూన్’ అని రాసుకోవాలని 1890లో ఎన్యూమరేటర్లకు ఆదేశాలిచ్చారు. గుమ్మంలో నిలబడ్డ గుమాస్తాకు ఆ ఇంటి ముత్తవ్వ ఎవరో ఎలా తెలుస్తుంది? మొహం చూసి రాయడమే! 1900 నాటికి ఆ గడులు ఎత్తేశారు. బుద్ధి మాత్రం అంత తొందరగా పోలేదు. ముప్పైరెండో వంతు నల్ల రక్తం దాటితే తెల్లవాళ్లు కారని లూసియానా రాష్ట్రం చట్టం చేసింది 1970లో. 1983లో గానీ దాన్ని రద్దు చేయలేదు.

మన దగ్గరా అదే తంతు. తల్లిదండ్రుల్లో ఒకరు ఐరోపావాళ్లు, ఒకరు భారతీయులైతే కొలువులివ్వరాదని 1791లో ఈస్టిండియా కంపెనీ తలుపులు మూసింది. తర్వాత వాళ్లను ‘హాఫ్‌కాస్ట్’ అన్నారు, పదహారణాల రూపాయి లెక్కన ‘ఎనిమిదణాలు’ అని వెక్కిరించారు. 1911 జనగణనతో గానీ ‘ఆంగ్లో ఇండియన్’ అధికారిక పేరు కాలేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో బతికిన కుటుంబాలు గౌరవంగా చెప్పుకున్న పేరు అది.

మరి తెలుగులో? సంకరజాతి ఆవుల గురించి పశుసంవర్ధక శాఖ రాస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మైకు దొరికిన నాయకుడు ప్రత్యర్థి పుట్టుక మీద అదే మాట విసిరితే అది మర్నాటికి హెడ్డింగవుతుంది. కులాంతర పెళ్లి చేసుకున్న జంటల పిల్లలు ఇలాంటి మాటలు బంధువుల నోటే వింటున్నారు.

పాత రికార్డుల్లోంచి ఈ మాటల్ని చెరిపేయాలని మేము అనడం లేదు. చెరిపితే ప్లెసీకి జరిగిందేమిటో అర్థం కాదు. అన్నిటికీ ఒకటే నిషేధమూ కుదరదు: దక్షిణాఫ్రికాలో మిశ్రమ సంతతివాళ్లు చాలామంది నేటికీ తమను ‘కలర్డ్’ అనే చెప్పుకుంటారు, అమెరికాలో అది అవమానం. ఏమని పిలవాలో ఆ జనాన్నే అడగాలి. పాఠ్యపుస్తకాల్లో ఈ పదాలు వస్తే ఎవరు, ఎందుకు వాడారో పక్కనే రాయాలి. నాయకుల బూతులు పత్రికల హెడ్డింగుల్లోకి ఎక్కకూడదు. ఫలానా ఆయన పుట్టుకను దూషించాడని రాస్తే వార్తకు వచ్చే లోటేమీ లేదు.