‘శాశ్వత చిరునామా’ గడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బడి అడ్మిషన్ ఫారంలోని ‘శాశ్వత చిరునామా’ గడి గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే రెండో పక్షం కుశలంగా లేదు. తమరి పొడవు మూడంగుళాలు. అందులో డోర్ నంబరు పడకపోతే పదేళ్ల పిల్ల పిల్లంతా గేటు బయటే.

అలిపిరి దగ్గర భక్తుల నుదుట నామాలు దిద్దే పిల్లలు, బస్టాండు పక్కన బొమ్మలమ్ముకునేవాళ్ల పిల్లలు తమరికి కొరుకుడు పడరు. “సొంతిల్లు కాకున్నా ఫర్వాలేదమ్మా, అద్దింటి కరెంటు బిల్లు తెచ్చుకో” అంటారు తమరి తరఫున కౌంటర్లో కూర్చున్నవారు. ఆ కుటుంబం పడుకునేది వీధిలైటు కింద. దాని బిల్లు కార్పొరేషన్ పేరు మీద వస్తుంది మరి. కొండమీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో విస్తరి వేసేముందు డోర్ నంబరు ఎవరూ అడగరు. కొండ దిగితేనే తమరి రాజ్యం.

తమరికి ఇంత పెత్తనం ఎవరిచ్చారా అని 2009 విద్యాహక్కు చట్టం తిరగేశాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్చుకోవడానికి ఇంటి పత్రం తెమ్మనే షరతు అందులో కనబడలేదు. పైగా 9వ సెక్షన్, వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే పూచీ స్థానిక సంస్థదే అంటోంది. తన పరిధిలోని పిల్లల లెక్క రాసుకోవలసిందీ ఆ సంస్థే. అంటే పిల్ల అడ్రసు వెతుక్కోవడం కాదు, అడ్రసులవారే పిల్లను వెతుక్కోవాలి. తమరు దాన్ని తిరగేసి చదివినట్టున్నారు.

తమరి బంధుగణం, అదే ఫారంలోని మిగతా గడుల సంగతీ చెప్పాలి. పుట్టినతేదీ పత్రం లేదని చేర్చుకోకపోవడం 14వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఆసుపత్రి రికార్డో, అంగన్‌వాడీ రిజిస్టరో, అవేవీ లేకుంటే తల్లో తండ్రో రాసిచ్చే వాంగ్మూలమో చాలు. పాత బడి ఇచ్చే టీసీ ఆలస్యమైందని ఆపితే 5వ సెక్షన్, గడువు దాటి వచ్చారని ఆపితే 15వ సెక్షన్ తమరికి అడ్డుపడతాయి. ఆధార్ లేదని బడి కాదనకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26నే చెప్పింది. ఎప్పుడూ బడి మొహం చూడని పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూలేస్తారు చూడండి, అదీ తప్పే. ఈడుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకు విడిగా శిక్షణ ఇవ్వాలి (4వ సెక్షన్). అమెరికాలో ఇళ్లులేని పిల్లల కోసం 1987లోనే మెకిన్నీ–వెంటో చట్టం వచ్చింది. కాగితాలు తర్వాత, ముందు క్లాసులో కూర్చోబెట్టమంటుంది. తమరి జాతివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట!

తమరి ఆకలి తీర్చడానికి జనం చేసే పని ఒకటుంది. తెలిసినవాళ్ల డోర్ నంబరు అరువు తెచ్చి రాస్తారు. అప్పటికి గండం గడుస్తుంది. రేపు వార్డు సిబ్బంది ఆ తలుపు కొడితే పిల్ల ఉండదు, ‘స్థానికంగా లేరు’ అని రాసుకుపోతారు. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు దగ్గర మళ్లీ ఆ కుటుంబం వివరాలే అడ్డం పడతాయి. అందుకే ఇకనుంచి ఉన్నది ఉన్నట్టే నింపుతాం: ‘రైల్వే స్టేషన్ ఎదురు ఫుట్‌పాత్, తిరుపతి’. కింద ఒక ఫోన్ నంబరు. తమరు కోపగించుకోవద్దు.

ఆధార్‌కైతే, దాన్నిచ్చే సంస్థ యుఐడీఏఐ నమూనా పత్రం మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయిస్తాం. అది తిరిగొచ్చేది ఎక్కువగా ఫొటో దగ్గరే. సంతకం, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. కొట్టివేతలుంటే చెల్లదు. సంతకమైన నాటి నుంచి 3 నెలలే గడువు, బీరువాలో పెట్టి మరిస్తే మళ్లీ మొదటికే.

తల్లిదండ్రులు లేని పిల్ల కనబడితే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు. తల్లి పక్కనే ఉంటే మాత్రం ఆ నంబరు పేరెత్తి బెదిరించకండి. పిల్లను హోంకు పంపడం ఆఖరి మార్గమని బాలల న్యాయ చట్టమే అంటోంది. పట్టుకుపోతారన్న భయంతోనే సగం మంది తమరి దాకా రారు.

ఇంకా “కంప్యూటర్ తీసుకోదు” అంటే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అడుగుతాం. చాలాచోట్ల అప్పటికప్పుడే కంప్యూటర్‌కు బుద్ధొస్తుంది. రాకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు అర్జీ. 3 నెలల్లో తేల్చాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు ఎలాగూ ఉంది. రసీదు తీసుకోకుండా కదలం.

జవాబు నేరుగా ఆ పిల్లకే రాయండి. రాత్రి పదయ్యాక స్టేషన్ ఎదురుగా, టీ బంకుకు ఎడమపక్క. వానొస్తే మందుల షాపు షట్టర్ కింద చూడండి.

ఇట్లు,
ఫారాలు పట్టుకుని తమరి చుట్టూ తిరిగేవాళ్లు