ముందు నీడ, ఆ తర్వాతే ఇంకో బర్రె

ఆత్మకూరు మండలంలో మా చిన్నమ్మకు మూడు బర్రెలున్నాయి. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకు ఆమె కొట్టంలోకి వెళ్లాను. పైన సిమెంటు రేకులు, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో. ఆ సెగ నేరుగా నెత్తి మీదికి దిగుతోంది. మూడింటిలో ఒక్కటీ పడుకోలేదు. ఈని మూడు నెలలైన బర్రె మెడ చాచి, నోరు తెరిచి, చొంగ కారుస్తూ నిలబడి ఉంది. ఫోన్‌లో టైం చూస్తూ దాని డొక్క ఎన్నిసార్లు ఎగసిపడుతోందో లెక్కపెట్టాను. నిమిషానికి 68. మామూలుగా అయితే పాతిక దాటకూడదు. పక్కనే నీలం డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. వేలు పెడితే చురుక్కుమంది. బోరు నుంచి వచ్చే నల్ల పైపు వాకిట్లో ఎండలోనే పడి ఉంది.

"నీళ్లు పెడుతనే ఉన్న బిడ్డా, మూతి పెడుత లేదు. పొద్దుగాల నాలుగు లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు రెండున్నర కూడ ఎల్లుత లేదు" అంది చిన్నమ్మ.

దున్నపోతు మీద వాన కురిసినట్టు అని ఎదుటివాడి మొద్దుతనం మీద సామెత వేస్తాం. నిజానికి వానలో కదలకుండా నిలబడిన బర్రె హాయిగా ఉన్నట్టు లెక్క. దాని ఒళ్లు నలుపు, వెంట్రుకలు పలచన, ఎండను ఇట్టే పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకు ఉన్నవాటిలో ఆరో వంతే ఉంటాయి. లోపలి వేడిని బయటికి పంపే దారి దానికి దాదాపు లేదు. అందుకే బురదలో పొర్లుతుంది, చెరువులో ముక్కు వరకు మునుగుతుంది. పైగా తిన్న గడ్డి కడుపులో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది. ఎండు వరిగడ్డితో ఆ వేడి మరింత ఎక్కువ. కాబట్టి ఎండకు తట్టుకోలేని బర్రె ముందు మేత మానేస్తుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి, చాలాసార్లు వెన్న శాతమూ పడిపోతుంది. మన పాల కేంద్రాల్లో రేటు కట్టేది ప్రధానంగా వెన్నను బట్టే కనుక రైతుకు రెండు వైపులా దెబ్బ.

ఈ ఎండను మనం కొలిచే తీరు కూడా సరిగ్గా లేదు. రామగుండంలో ఇన్ని డిగ్రీలు, హన్మకొండలో ఇన్ని డిగ్రీలు అని రోజూ చదువుతాం. పశువుకు మాత్రం వేడితోపాటు గాలిలో తేమ కూడా లెక్కే. ఈ రెండింటినీ కలిపి పశువైద్య శాస్త్రంలో ఒక సూచీ కడతారు. అది 75 దాటితే బర్రెకు ఇబ్బంది మొదలైనట్టేనని స్థూలంగా చెబుతారు. మే నెలలో 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నానికి ఆ లెక్క కట్టి చూశాను. దాదాపు 85 వచ్చింది. జూన్‌లో తొలకరి పడ్డాక 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజుకు కడితే 86 దాటింది. మృగశిర వచ్చింది, చల్లబడిందని మనం ఊపిరి పీల్చుకునే వేళ కొట్టంలో ఉక్క ఇంకా అలాగే ఉంటుంది. రాత్రుళ్లు కూడా అంతే. పగలు పట్టిన వేడిని బర్రె రాత్రి చల్లగాలికి వదలాలి. రేకూ సిమెంటు గచ్చూ అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటే అది ఎప్పుడు వదలాలి?

పాల నష్టం మరునాడే క్యానులో కనిపిస్తుంది. అంతకంటే పెద్ద నష్టం వెంటనే బయటపడదు. ఎండాకాలంలో బర్రె మూగ ఎదకు వస్తుంది. అరవదు, వచ్చినా ఏ రాత్రివేళో కాసేపే. రైతు గమనించే సరికి అదను దాటిపోతుంది. గమనించి చూడి కట్టే సూది వేయించినా, ఒంటి వేడికి తొలి రోజుల్లోనే పిండం నిలవకపోవచ్చు. ఫిబ్రవరి, మార్చిలో చూడి కట్టాల్సిన బర్రె సెప్టెంబర్ దాకా ఖాళీగా ఉంటే, పది నెలల చూడి లెక్కన ఈనేది మరుసటి ఏడాది వానాకాలంలోనే. ఆ మధ్య వట్టిపోయిన బర్రెకు నెలల తరబడి మేత పెట్టాల్సిందే. ఇది ఎండ దెబ్బేనని ఏ రిజిస్టర్లోనూ రాయరు. బర్రె మంచిది కాదు, అమ్మేయాలి అనుకుంటారు. అలా అమ్ముడుపోయిన మంచి బర్రెలను మా ఊళ్లోనే చూశాను.

2025 ఏప్రిల్‌లో మన తెలంగాణ రాష్ట్రం వడగాల్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షల సాయం ఇస్తామంది. చాలా మంచి పని. కానీ చావు దాకా పోని నష్టానికి లెక్క ఎక్కడ? పశువుల బీమా ప్రధానంగా చావుకే డబ్బిస్తుంది, పాలు తగ్గితే ఇవ్వదు. కేరళలో మలబార్ పాల సహకార యూనియన్ 2023లో మరో దారి పట్టింది. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటి వరుసగా కొన్ని రోజులు ఉంటే రైతుకు పరిహారం అందే బీమా అది. ముల్కనూరు మహిళల స్వకృషి డెయిరీ లాంటి గట్టి సహకార సంఘాలున్న మన ప్రాంతంలో ఇది కుదరదని నేను అనుకోను.

అంతకంటే ముందు కావాల్సింది నీడ. 2018లో ప్రభుత్వం సబ్సిడీ మీద పాడి పశువులు ఇచ్చింది. వాటితోపాటు నీడ, నీళ్లు కూడా పథకంలో అంతే పెద్ద పద్దుగా ఉండాల్సింది. ఇదివరకు మిట్టమధ్యాహ్నం బర్లన్నీ చెరువులోనే ఉండేవి. ఇప్పుడు కాసేవాళ్లు లేరు, మేపే బీళ్లూ లేవు, కట్టేసి పెంచడమే. చెరువులో నీళ్లున్నా మట్టి తవ్విన గుంతల భయానికి చాలామంది దింపడం లేదు. చెరువు ఒక పక్కన పశువులు భయం లేకుండా దిగే వాలు చదును చేయడం ఏ పంచాయతీకీ మోయలేని ఖర్చు కాదు. హార్వెస్టర్ కోశాక పొలంలో తగలబెడుతున్న వరిగడ్డిని రేకు మీద మందంగా పరిచినా కొట్టంలో తేడా తెలుస్తుంది. వైర్లకు, పొయ్యికి దూరంగా ఉండేలా మాత్రం చూసుకోవాలి. ఊరికే నీళ్లు జల్లడం కంటే, ఒళ్లు తడిపి ఫ్యాన్ పెడితే వేడి బాగా లాగుతుంది. ఉక్క రోజుల్లో గాలి ఆడకపోతే తడిపినా ఫలితం అంతంతమాత్రమే. ఎండుగడ్డి తెల్లవారుజామున, రాత్రి వేయాలి.

మేము ఆ రోజే డ్రమ్మును వేపచెట్టు కిందికి జరిపాం, పైపు మీద మట్టి కప్పాం. వారం తర్వాత రేకు మీదికి గడ్డి ఎక్కింది. రోహిణి కార్తెలో మళ్లీ వెళ్లినప్పుడు అదే వేళకు డొక్క లెక్క 46. ఇంకా ఎక్కువే. రెండు బర్రెలు మాత్రం పడుకుని నెమరేస్తున్నాయి. నాలుగో బర్రె కోసం దాచిన డబ్బుతో కొట్టం ఎత్తు పెంచితే ఎంతవుతుందో చిన్నమ్మ మేస్త్రీని అడుగుతోంది.